ఓట్స్ అంటే ఏ ఓట్స్?

"ఓట్స్ ఒక కప్పు" అని చెప్పి ఊరుకునే వాళ్ళందరి మీదా నాకు కోపంగా ఉంది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్నాను, ఇవాళ చెప్పేస్తాను.

ఏ ఓట్స్ అమ్మా? ఆ ఒక్క ముక్క చెప్పరు. గాజు గిన్నెలో తెల్లటి రేకులేవో చూపిస్తారు, గబగబా పిండిలో ఒంపేస్తారు, వెనకాల ఓ పాట వస్తుంది, అది అయ్యేసరికి బంగారు రంగు బిస్కెట్లు పళ్ళెంలో ఉంటాయి. అదే కొలతతో మనం చేస్తే ఒక వాయి ముద్దకట్టి పిడకల్లా వస్తుంది, ఇంకో వాయి పన్ను ఊడేలా వస్తుంది. తప్పు మన చేతిదే అనుకుంటాం. ఇంట్లో వాళ్ళూ అదే అనుకుంటారు. నేను అలా మూడు వాయిలు చెడగొట్టాను. మా అత్తయ్య ఒక్క మాట అనకుండా వాటిని పట్టుకెళ్ళి గేదె కుడితిలో వేశారు. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

మన సంగతి మనం ఒకసారి చూసుకుందాం. మిరపకాయల నేల మీద పుట్టినవాళ్ళం. రంగుకి బ్యాడిగి, ఘాటుకి తేజ అని గుంటూరు యార్డు గడప తొక్కని ఆడవాళ్ళకి కూడా తెలుసు. ఆవకాయకి కారం పట్టించేటప్పుడు "ఏదో ఒక మిరపకాయలే" అని ఏ ఇల్లాలైనా అంటుందా? పింజ పొడుగు చూడకుండా పత్తికి ధర కట్టే వ్యాపారి ఉంటాడా? అటుకుల పులిహోరకి మందం అటుకులు కావాలి, పల్చటివి నీళ్ళు తగలగానే ముద్దయిపోతాయి. గింజ ఒకటే. దాన్ని ఎంత చిన్నగా విరిచారు, ఎంత పల్చగా నొక్కారు అన్నదాన్ని బట్టి వంట మారిపోతుంది. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఓట్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కొట్టువాడు ఏది చేతిలో పెడితే అదే ఓట్స్!

పై పొట్టు తీసిన గింజని రెండు మూడు ముక్కలుగా నరికితే అది స్టీల్ కట్. గింజని ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్. అమెరికా డబ్బాల మీద ఓల్డ్ ఫ్యాషన్డ్ అని ఉండేది ఇదే. ముందు ముక్కలు చేసి, తర్వాత ఇంకా పల్చగా నొక్కింది క్విక్. పొద్దున్నే జావ తొందరగా అయిపోవాలని క్వేకర్ కంపెనీ 1922లోనే దీన్ని బజారులోకి తెచ్చింది. ముందే ఉడికించి, ఆరబెట్టి, అన్నిటికంటే పల్చగా చేసింది ఇన్‌స్టంట్.

బిస్కెట్‌కి కావలసింది రోల్డ్. అది తడిని నిదానంగా పీల్చుకుంటుంది, రేకు రేకులా నిలబడుతుంది, నమిలినప్పుడు పంటికి తెలుస్తుంది. క్విక్ వేస్తే మెత్తగా, కేకుకి దగ్గరగా వస్తుంది. అది తప్పు కాదు, వేరే బిస్కెట్, అంతే. ఇన్‌స్టంట్ మాత్రం పిండిలో ఉన్న తడంతా ఒక్కసారిగా లాగేసి జిగురైపోతుంది. స్టీల్ కట్ అయితే పావుగంట లోపు ఓవెన్లో ఉడకనే ఉడకదు, పళ్ళ కింద రాయే. నా మూడు వాయిల కథ ఇదీ. అమెరికాలో ఉన్న మా చెల్లెలు పంపిన కొలత రోల్డ్‌ది. నేను తెచ్చింది ఒకసారి ఇన్‌స్టంట్, ఒకసారి స్టీల్ కట్. మూడోసారి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, మసాలా ఓట్స్. "ఓట్సేగా అక్కా, ఇదే బాగా పోతోంది" అని కొట్లో కుర్రాడు ఇచ్చాడు, కరెంటు లేని టైములో నేను చూసుకోకుండా పోసేశాను. బెల్లం బిస్కెట్లో ధనియాల వాసన ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియకూడదని కోరుకుంటున్నా.

ప్యాకెట్ మీద రోల్డ్ అని లేకపోతే, ఉడకడానికి ఎన్ని నిమిషాలు రాశారో చూడండి. ఎంత తక్కువ రాస్తే అంత పల్చగా నొక్కారన్నమాట. విడిగా అమ్మేదైతే అరచేతిలో పోసుకుని చూడండి: రోల్డ్ అయితే పెద్ద రేకు, గుండ్రంగా, నిండుగా ఉంటుంది. తునకలూ పొడీ కనిపిస్తే కాదు. ఇంటికొచ్చాక అనుమానముంటే ఒక చెంచాడు వేడినీళ్ళలో వేసి అయిదు నిమిషాలు వదిలేయండి, జావైపోతే దాన్ని జావకే ఉంచేయండి. ఇంకోటి, వాసన చూడండి. ఓట్స్‌లో కొవ్వు బియ్యంలో కంటే బాగా ఎక్కువ. సజ్జపిండి నాలుగు రోజులు ఉంచితే ఎందుకు చేదెక్కుతుందో తెలుసు కదా, మన ఎండల్లో విప్పి పెట్టిన ఓట్స్ ప్యాకెట్టూ అంతే, ముక్కిపోతుంది.

అన్నట్టు, మన ఎండల సంగతి కూడా ఏ వీడియోలోనూ చెప్పరు. "వెన్న గది వేడికి రానివ్వండి" అంటారు. ఎవరి గది? మే నెలలో మా చిలకలూరిపేట వంటింట్లో వెన్న గది వేడికొస్తే నెయ్యే. అలాంటి పిండి ఓవెన్లో పెట్టగానే పాకిపోతుంది. కలిపిన పిండిని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తేనే నిలబడుతుంది. తెలుగులో రాసే మరికొందరు ఓట్స్‌ని యవలు అంటారు. యవలంటే బార్లీ. అది నమ్మి బార్లీ కొన్నవాళ్ళు నాకు తెలుసు. దానికంటే మా అత్తయ్యే నయం, "ఓట్లా? ఎలక్షన్లు ఇంకా రాలేదుగా" అన్నారు.

ఇదంతా బిస్కెట్ల గొడవే కదా అనుకుంటున్నారేమో. కాదు. మా మామయ్యగారికి షుగరు. ఓట్స్ తినమని డాక్టరు చెప్పారు. ఆయన జావ తినలేనన్నారు, బజారు నుంచి ఓట్స్ బిస్కెట్లు తెచ్చుకున్నారు. రెండుపూటలా టీతో నాలుగేసి. ఓట్సే కదా, మందే కదా! మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగకపోగా ఎక్కింది. మా ఆడపడుచు ఫోన్ చేసి నన్నడిగింది: "వదినా, నాన్నకి ఏం పెడుతున్నావ్?"

ఆ రాత్రి ఆ ప్యాకెట్టు తిప్పి చదివాను. మన దేశంలో నిబంధన ఏమిటంటే, దేని బరువు ఎక్కువైతే దాన్ని ముందు రాయాలి. మొదట మైదా. తర్వాత చక్కెర, నూనె. ఆ తర్వాత ఎక్కడో ఓట్స్. ముందువైపు మాత్రం అట్టంతా ఓట్స్ బొమ్మే. నాలుగు కొట్లు తిరిగి మరో మూడు రకాలు చూశాను, రెండింటిది అదే వరస.

మరి ఇంట్లో, సరైన ఓట్స్‌తో చేసిన బిస్కెట్ మందా? అదీ కాదు. ఇది చెప్పకపోతే నేనూ ఆ వీడియోల వాళ్ళలాంటిదాన్నే అవుతాను. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్ట్రాల్ తగ్గించడానికి పనికొస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 1997లో ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. కానీ రోజుకి 3 గ్రాములు ఉండాలంది. అంత పీచు కావాలంటే సుమారు 75 గ్రాముల ఓట్స్ తినాలి. నా బిస్కెట్లో ఉండేది ఆరున్నర గ్రాములు. అంటే రోజుకి పదకొండో పన్నెండో తినాలి, వాటితోపాటు 60 గ్రాముల బెల్లం కడుపులోకి పోతుంది. ఓట్స్ బిస్కెట్ కూడా బిస్కెట్టే. ఇష్టంగా తినండి, మందని తినకండి.

ఇక "ఈ పరాయి గింజ ఎందుకు, మన కొర్రలు, సజ్జలు లేవా" అనే పెద్దమనుషులు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమంది కదా, అప్పట్నుంచీ వీళ్ళ గొంతు పెరిగింది. ఉన్నాయండీ. మన నల్లరేగడిలో వరిగ, కొర్ర, సజ్జ పండినన్నాళ్ళూ రోకలి పట్టుకుని దంచింది మా అమ్మమ్మలే. ఆ పొలాల్లో పత్తి, మిర్చి వేసినప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు. ఇప్పుడు మళ్ళీ తినమని చెప్పేదీ దంచనివాళ్ళే. నేను సజ్జ రొట్టె చేస్తాను, జొన్న అటుకులతో బిస్కెట్టూ చేసి చూశాను. కరకరలాడుతుంది, బాగానే ఉంటుంది, కానీ ఓట్స్ సాగుడు రాదు. ఏ గింజ పని ఆ గింజది.

కొలత అడిగినవాళ్ళకి: వెన్న 115 గ్రాములు, బెల్లం పొడి 100, గుడ్డు ఒకటి (తినని ఇళ్ళలో రెండు చెంచాల పెరుగు), గోధుమపిండి 100, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు, ఓట్స్ 130 గ్రాములు. రోల్డ్. మళ్ళీ చెబుతున్నా, రోల్డ్. గంట ఫ్రిజ్‌లో ఉంచి, ఇరవై ఉండలు చేసి, కాస్త నొక్కి, 175 డిగ్రీల్లో 12 నుంచి 14 నిమిషాలు. తీసినప్పుడు మధ్యలో మెత్తగానే ఉంటాయి, కంగారుపడి ఇంకా కాల్చకండి, చల్లారితే గట్టిపడతాయి.

నాలుగో వాయి కుడితిలోకి వెళ్ళలేదు. మామయ్యగారికి రోజుకి ఒకటి, జావ తాగిన రోజే. ఆ లెక్క అత్తయ్య డబ్బా మూత మీద సుద్దతో గీతలు పెట్టి రాసుకుంటున్నారు.