ఖాళీ డబ్బాతో బొమ్మ – ముందు ఏ డబ్బా?

ఖాళీ డబ్బాలతో ఏదైనా బొమ్మ చేసుకురమ్మని ఈమధ్య బడుల్లో పిల్లలకు పని ఇస్తున్నారు. కొన్ని ఇళ్లలో ఆ పనిని అమ్మో నాన్నో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని పూర్తిచేస్తారు. కొందరు బజారులో కొనుక్కొచ్చి పంపుతారు. రెండూ మంచివి కావు. ఆ బొమ్మను పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, పగటి వెలుతురులో, తీరిగ్గా చేయాలని నా అభిప్రాయం. పొదుపు కోసమో, గూట్లో అలంకరణ కోసమో కాదు. ఇంట్లో ఉన్న డబ్బాల్లో ఏది ముట్టవచ్చు, ఏది ముట్టకూడదు అని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

చెత్త విషయంలో మన సూర్యాపేటకు ఒకప్పుడు దేశంలో మంచి పేరు వచ్చింది. 2003 ప్రాంతంలో, ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ గారు మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న కాలంలో, వీధి కుండీలు తీసేసి ఇంటింటికీ వచ్చి తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకునే పద్ధతి పెట్టారు. తడి చెత్త వానపాముల ఎరువైంది. పొడి చెత్త అమ్ముడుపోయింది. పారేసే ముందు చేతిలో ఉన్నదేమిటో ఒకసారి చూడడం ఆనాడు గృహిణులు అలవాటు చేసుకున్నారు. బొమ్మ పని కూడా అక్కడే మొదలుకావాలి.

మనది సాగర్ ఎడమ కాలువ కింది ప్రాంతం. మిర్యాలగూడ, కోదాడ చుట్టుపక్కల వరి, కాలువ అందని చోట పత్తి, మిర్చి. పురుగుమందు డబ్బా చూడని రైతు కుటుంబం ఉండదు. ఆ డబ్బాలు గట్టిగా ఉంటాయి, మూత బిగుతుగా ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు. కడిగి నీళ్లకో, కిరోసిన్‌కో వాడుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కడిగితే శుభ్రమే కదా అంటారు. కాదు. ఈ మందుల్లో చాలావరకు చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళతాయి. మడతల్లో, మూత మరల్లో అంటుకున్నది సబ్బుతో పోదు.

2013 జూలైలో బీహార్‌లోని శరణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. అంతకుముందు పురుగుమందు ఉంచిన డబ్బాలో ఆ నూనె పోసి ఉంటారని అధికారులు అనుమానించారు. ఆ మందు పేరు మన రైతులకు కొత్త కాదు.

కాబట్టి బొమ్మకు డబ్బాలు వెతికేటప్పుడు పిల్లవాడికి మొదట చూపవలసింది పురుగుమందు డబ్బా మీది గుర్తు. దూరం నుంచే చూపండి. డైమండ్ ఆకారంలో ఉండే ఆ గుర్తు కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే తీవ్రమైన విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు, మిగతావాటికంటే తక్కువ విషమని మాత్రమే. చదువు రాని పెద్దలకు కూడా ఈ నాలుగు రంగులు తెలిసి ఉండాలి. పిల్లలు అలాంటి డబ్బాతో ఆడుకున్నాక వాంతులు, విపరీతమైన చెమట, నోట చొంగ, ఆయాసం కనిపిస్తే బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఆ డబ్బాను కవరులో చుట్టి వెంట తెండి. ఏ మందో తెలిస్తే డాక్టరు పని సులువవుతుంది.

రంగు డబ్బాలు, ఇంజన్ ఆయిల్ డబ్బాలు, దోమల స్ప్రే డబ్బాలు కూడా వద్దు. స్ప్రే డబ్బా ఖాళీ అయినట్టు కనిపించినా లోపల గ్యాసు ఉంటుంది. మేకు దించితే పేలవచ్చు.

ఇక మిగిలేవి పాలపొడి డబ్బా, బిస్కెట్ల డబ్బా, కూల్‌డ్రింక్ డబ్బా. (పాలపొడి డబ్బా ఇంట్లోకి ఎందుకొచ్చిందన్నది వేరే సంగతి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు చాలు.) వాటి దగ్గర ఒక అయస్కాంతం పెట్టి చూడమనండి. ఇనుప రేకు అతుక్కుంటుంది, అల్యూమినియం అతుక్కోదు. అల్యూమినియం డబ్బాను పాతసామాన్లవాడికి వేయడమే మేలని నేనంటాను. దాన్ని కరిగించి మళ్లీ వాడితే, కొత్తగా ఖనిజం నుంచి తీయడానికి పట్టే కరెంటు, ఇంధనంలో ఇరవయ్యో వంతు చాలు. బంక పూసి, రంగు వేశాక దాన్ని ఎవరూ కొనరు.

పెద్ద డబ్బా ఒళ్లు, చిన్న డబ్బా తల, తీగకు గుచ్చిన సోడా మూతలు చేతులు, కాళ్లు. తలకు పాత తువ్వాలు ముక్కతో పాగా చుడితే రైతు, చీర అంచు కప్పితే అమ్మమ్మ. రంధ్రాలు కొట్టడం, రేకు కత్తిరించడం పెద్దవాళ్ల పని. లోపల చెక్కముక్క పెట్టి మేకు కొడితే డబ్బా సొట్ట పోదు. అంచును ఆకురాయితో అరగదీసి, పైన గుడ్డ అతికించాకే పిల్లల చేతికివ్వండి. తీగకు మూతలు గుచ్చడం, గుడ్డలు కట్టడం, కళ్లు దిద్దడం వాళ్లకే వదలండి. వంకరగా వస్తే రానివ్వండి. పాత ఎనామిల్ పెయింట్ మాత్రం వద్దు. ఇంటి రంగుల్లో సీసం పరిమితి మనదేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అటక మీది డబ్బా అంతకుముందుది కావచ్చు. రంగు కాగితాలు, గుడ్డపేలికలు చాలు.

రేకు గీసుకుంటే కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టకండి. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. లోతుగా తెగితే ఆసుపత్రికి రండి. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. పెరట్లో పడి ఉన్న డబ్బా కొత్తగా మెరుస్తున్నా ప్రమాదమే. పిల్లవాడి టీకాల కార్డు తీసి చూడండి. ఏడాదిన్నర దాటాక ఒక బూస్టరు, అయిదారేళ్లకు ఇంకొకటి, పదో ఏట, పదహారో ఏట టీడీ సూదిమందు పడి ఉండాలి. చిన్నప్పటివి వేయించి చివరి రెండూ మరిచిపోయే ఇళ్లే ఎక్కువ.

తయారైన బొమ్మను ఇంట్లో పెట్టుకుంటే ఇబ్బంది లేదు. వరండాలోనో డాబా మీదో పెట్టేటట్లయితే అడుగున నాలుగు రంధ్రాలు కొట్టండి. డెంగీ దోమకు బొమ్మలో నిలిచిన గ్లాసెడు వాననీళ్లు చాలు. వారం, పది రోజుల్లో అందులోంచి కొత్త దోమలు లేస్తాయి.