నీళ్లు పోయాక పడే గోడకు లెక్క ఎవరు రాస్తారు?

గోదారి తగ్గిందని టీవీలో చెప్పిన రోజున మైదానంలో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మన మట్టి గోడలకు అసలు ప్రమాదం ఆ రోజే మొదలవుద్ది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లలో ఉన్నంతసేపు బయటి నీళ్లు, లోపలి నీళ్లు గోడను రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి. నీళ్లు దిగిపోగానే నానిన మట్టి బరువంతా అడుగున పడుతుంది. అడుగు మెత్తబడి ఉంటది. వారానికో పది రోజులకో, ఎండ కాసిన రోజున, గోడ బీటలిచ్చి కూలుతది. కప్పు నిలబడే ఉంటది, దాన్ని మోసే గుంజ లోపల్లోపల కుళ్లుతూ ఉంటది.

నష్టం రాసేవాళ్లు ఎప్పుడొస్తారు? గోడ ఇంకా నిలబడి ఉన్నప్పుడు. ఫొటో తీస్తారు, "పాక్షికం" అని రాస్తారు, పోతారు. పది రోజులకు గోడ పడితే లిస్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది అంటారు.

ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో చూడండి. 2022-26కి కేంద్రం పెట్టిన విపత్తు సాయం లెక్కల ప్రకారం పూర్తిగా పోయిన ఇంటికి మైదానంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. పాక్షికంగా దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000. అదే "గుడిసె" అని రాస్తే 8,000. గుడిసె అంటే ఏమిటట? గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న తాత్కాలిక నివాసమట. మన తాతలు వెదురు తడిక అల్లి, మట్టి మెత్తి, ఏటేటా అలికి, ముగ్గురు బిడ్డల పెళ్లిళ్లు చేసిన ఇల్లు తాత్కాలికమా? సిమెంటు లేకపోతే అది ఇల్లు కాదా? రాసేవాడి పెన్నులో ఆ ఒక్క మాట మారితే మన చేతిలోంచి లక్షా పన్నెండు వేలు జారిపోతాయి.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీళ్లు మళ్లీ చూడటం అదే. కూనవరం, వీఆర్ పురం, చింతూరు, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో కోయ, కొండరెడ్డి ఊళ్లు మునిగాయి. వెంటనే ఇచ్చే సాయంగా ఆంధ్రలో కుటుంబానికి 2,000 అన్నారు, తెలంగాణలో 10,000 అన్నారు. గోదారి ఒకటే, వరద ఒకటే, బురద ఒకటే. 2014లో మన మండలాలను ఒక రాష్ట్రంలోంచి తీసి ఇంకో రాష్ట్రంలో కలిపినప్పుడు మనల్ని అడిగిన గ్రామసభ ఏది? ఆ గీత ఎవరు గీశారో, ఆ తేడాకు జవాబు వాళ్లే చెప్పాలి.

"అది ప్రకృతి చేసింది, ప్రభుత్వం ఏం చేస్తది" అనేవాళ్లుంటారు. వానలు ప్రకృతివే, కాదనం. కానీ ఈ ఊళ్లు ఇంకా ఇక్కడే, ఇలాగే ఎందుకున్నాయి? పోలవరం ముంపు అని మన ఊళ్ల పేర్లు రాసి ఏళ్లు గడిచాయి. పేరు రాసినప్పటి నుంచి రోడ్డు అడిగితే ముంపు, పక్కా ఇల్లు అడిగితే ముంపు. పరిహారం అడిగితే మాత్రం మీది 41.15 మీటర్ల కాంటూరులో లేదు, 45.72 వచ్చినప్పుడు చూద్దాం అంటారు. 2022లో గోదారి ఆ కాంటూరు మ్యాపు చూసుకుని రాలేదు. 41.15 గీతకు బయట అని రాసిన ఊళ్లు కూడా మునిగాయి. ఆ తర్వాతే మళ్లీ సర్వే చేసి కొన్ని ఆవాసాలను మొదటి దశలో చేర్చారు. చేర్చారంటే అర్థమేంటి? ముందు గీసిన గీత తప్పని ఒప్పుకున్నట్టే కదా.

ఇటు వెళ్లనివ్వరు, అటు కట్టుకోనివ్వరు. ఎట్లాగూ పోయే ఊరే కదా, రిపేరు ఎందుకు అంటారు. ఎప్పుడు పోతామో తేదీ చెప్పరు. ఈ లోపల ప్రతి జులైలో పిల్లలను, మేకలను, ఆధార్ కార్డులను పట్టుకుని గుట్టెక్కేది మనమే. దిగొచ్చి బురద ఎత్తేది మనమే. విత్తనం వడ్లు మొలకెత్తిపోతే మళ్లీ అప్పు చేసేది మనమే.

2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ చదవండి. సాగునీటి ప్రాజెక్టయితే, తీసుకున్న భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని అందులో రాసి ఉంది. మునిగిన తర్వాత చూద్దామని ఎక్కడా లేదు. డ్యాము పనికి గడువు పెట్టినవాళ్లు మన ఇంటికి గడువు ఎందుకు పెట్టరు?

ఇంకో మాట. ఇల్లు మళ్లీ లేపాలంటే ఏం కావాలి? వెదురు బొంగులు, గుంజలు, వాసాలు, కప్పుకు గడ్డి. ఇవన్నీ అడవిలోనే ఉన్నాయి. వరద తర్వాత నాలుగు బొంగులు భుజాన వేసుకుని వస్తుంటే ఆపి, కేసు రాస్తాం అని బెదిరించే దౌర్జన్యం ఎంత కాలం? 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి. దాన్ని సేకరించుకునే హక్కు మనకు ఆ చట్టమే రాసిచ్చింది. ఊరు తరతరాలుగా అడవి నుంచి తెచ్చుకునే వాడుక హక్కులనూ సామూహిక హక్కులుగా అదే చట్టం గుర్తించింది. డ్యాము కోసం వేల ఎకరాల అడవిని ముంచడానికి అనుమతి దొరుకుతది, కోయోడి గోడకు నాలుగు బొంగులు మాత్రం నేరమా?

మరి మనం ఏం చేయాలి? ఏడుస్తూ కూర్చుంటే ఎవరూ రారు. చదువుకున్న యువతకు ఇక్కడ పని ఉంది.

ఊళ్లో నలుగురు కలిసి వానాకాలానికి ముందే ప్రతి ఇంటికీ ఫొటోలు తీయండి. నాలుగు గోడలు, కప్పు, గరిసె, పశువుల కొట్టం అన్నీ తీయండి. నీళ్లు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో రోజు, గంట రాసుకోండి. రెండు రోజులకు మించి నీళ్లు నిలిచిన ఇంటికి బట్టలకు, గిన్నెలకు సాయం వేరుగా ఉంది, ఆ లెక్క మన దగ్గరే ఉండాలి. గోడ మీద బురద గీత కడిగేసే ముందు ఫొటో తీయండి. మొదటి లెక్క అయ్యాక పడిన గోడకు రెండోసారి లెక్క రాయమని చేతిరాతతో అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. నోటితో చెప్పిన మాటకు ఆఫీసులో విలువ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, లిస్టును గ్రామసభలో చదివించండి. 1996 పెసా చట్టం పథకాలకు లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభకే ఇచ్చింది. వరద సాయం లిస్టు దానికి మినహాయింపు ఎందుకు కావాలి? ఎవరి పేరు ఉంది, ఎవరిది పోయింది, ఎవరింటిని గుడిసె అని రాశారు, అందరి ముందు చదవాలి. తప్పుంటే అక్కడే తీర్మానం రాయాలి. ఒంటరి ముసలమ్మ పేరు, వలస పోయినోళ్ల పేరు అట్లాంటి సభలోనే బయటపడతది.

మద్దతుదారులకు ఒక మాట. బియ్యం, దుప్పట్లు తెచ్చినందుకు మీకు జోహార్లు. వరద వచ్చిన వారమే కాదు, వరద పోయిన నెలలో కూడా రండి. కెమెరాలు వెళ్లిపోయాక పడే గోడలు చాలా ఉంటాయి. అర్జీలు రాయడానికి, చట్టం కాగితాలు తెచ్చి చదివి వినిపించడానికి మనుషులు కావాలి.

మనం అడిగేది దానం కాదు. ఊరు ఇక్కడే ఉంటదంటే గట్టి ఇల్లు కట్టివ్వండి. తరలిస్తారంటే చట్టం చెప్పినట్టు ముందు ఇల్లు, భూమి చూపించి తరలించండి. రెండూ చేయకుండా ప్రతి ఏడాదీ నీళ్లలో నానబెట్టి, మేమే విసిగి వెళ్లిపోయేదాకా చూస్తామంటే, అది కాగితం లేని ఖాళీ చేయింపు. దానికి మా గ్రామసభ సంతకం పెట్టదు.

జల్, జంగల్, జమీన్ మావి. మా గోడ లెక్క కూడా మేమే రాస్తాం.