చేప ఎవరికి పాపం?

2023 జులైలో ఇస్కాన్ సాధువు అమోఘ్ లీలా దాస్ వివేకానందుడి మీద నోరు పారేసుకున్నాడు. చేప తిన్నవాడు మహాత్ముడెలా అవుతాడని అడిగాడు. అన్ని మతాలూ ఒకే గమ్యానికి దారులన్న వివేకానందుడి గురువు రామకృష్ణుడి బోధనూ తప్పుపట్టాడు. బెంగాల్ భగ్గుమంది. ఇస్కాన్ అతణ్ని నెల రోజులు పక్కన పెట్టింది, అతను క్షమాపణ చెప్పుకున్నాడు, గొడవ సద్దుమణిగింది. నా కోపం మాత్రం చల్లారలేదు. చేప మీద అంత రభస జరిగినా, ఆ చేపను తరతరాలుగా ఎవరి కంచంలోంచి లాగేశారన్న మాట ఎత్తినవాళ్లు నాకు కనపడలేదు.

ఏ దేవుడు పెద్ద అన్న తగువు పాతదే. గౌడీయ వైష్ణవుడికి కృష్ణుడొక్కడే స్వయం భగవానుడు, మిగతా దేవతలు ఆయన సేవకులు. శాక్తేయుడికి అమ్మే ఆది, హరిహరులు ఆమె తర్వాతే. అద్వైతి రూపాలన్నిటినీ ఒప్పుకుంటాడు, కానీ అవి కింది మెట్లంటాడు. పై మెట్టు తనదే. ఇస్కాన్ స్థాపించిన ప్రభుపాదుడూ వివేకానందుడూ ఇద్దరూ కోల్‌కతాలో పుట్టినవాళ్లే, తర్వాత స్కాటిష్ చర్చి కాలేజీగా పేరు మారిన ఒకే విద్యాసంస్థలో చదివినవాళ్లే. ఇద్దరూ గీతనే చూపించారు, చెరో తీర్పు చెప్పారు. ఎవరిది నిజమో తేల్చే సాక్ష్యం ఇద్దరి దగ్గరా లేదు. ఉన్నది నమ్మకం, గురుపరంపర మాత్రమే.

దేవుళ్ల దగ్గర ఇంత తగువులాడుకునే శాఖలు మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎలా ఏకమవుతాయో కోల్‌కతా దగ్గరి దక్షిణేశ్వరం చూపిస్తుంది. 1855 మే 31న జమీందారిణి రాణీ రాసమణి అక్కడ గుడి తెరిచింది. ఒకే ప్రాంగణంలో కాళి, రాధాకృష్ణులు, పన్నెండు శివాలయాలు. ముగ్గురు దేవుళ్లకు పేచీ లేదు. పేచీ గుడి కట్టించిన మనిషితోనే వచ్చింది. ఆమె శూద్ర స్త్రీ కాబట్టి అక్కడ పూజ చెయ్యం, ప్రసాదం ముట్టం అన్నారు బ్రాహ్మణులు. ఆస్తిని బ్రాహ్మణుడి పేర రాసిస్తే దోషం పోతుందని రామ్‌కుమార్ చటోపాధ్యాయ ఉపాయం చెప్పాకే గుడిలో దీపం వెలిగింది. ఆయన తమ్ముడు గదాధరుడు, అంటే రేపటి రామకృష్ణుడు, మొదట్లో ఆ ప్రసాదం తినకుండా విడిగా వండుకున్నాడు. దారులన్నీ ఒకటేనని చెప్పబోయే మనిషికి కూడా ఆ రోజున కులం అడ్డొచ్చింది.

రాసమణి వితంతువు కూడా. కాళికి పెట్టే భోగంలో ఇప్పటికీ చేప ఉంటుంది. బెంగాలీ వితంతువుకు మాత్రం ఆచారం చేపను నిషేధించింది. మాంసం, ఉల్లి, వెల్లుల్లి, ఎర్ర కందిపప్పు కూడా కూడదంది. ఆమెకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు, ఒంటిపూట తిండి. ఏకాదశినాడు మంచినీళ్లు కూడా లేవు, ఎండాకాలమైనా సరే, పదేళ్ల పిల్లయినా సరే. ఇలిశ్ అంటే మన గోదావరి పులసే. ఇంటిల్లిపాదీ దాన్ని తింటుంటే ఆ వాసన పీలుస్తూ పచ్చి అరటికాయ కూరతో అన్నం మింగిన ఆడపిల్లల సంగతి ఏ భాష్యకారుడికి పట్టింది? అక్కర్లేదనుకున్న వితంతువులను కాశీకి, బృందావనానికి పంపేశారు. గుప్పెడు బియ్యం కోసం గంటలకొద్దీ భజనలు పాడిన ఆ ముసలమ్మల దుస్థితిపై 2012లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. అంతకు ముందు కథ ఇంకా ఘోరం. 1815 నుంచి 1828 వరకు బెంగాల్ ప్రెసిడెన్సీలో లెక్కకెక్కిన సహగమనాలే 8,134.

ఇది బెంగాల్ పాపమని మనం తప్పించుకోలేం. మా అమ్మమ్మ అక్కకు పన్నెండేళ్లకే తల గొరిగించారు. మా ఇంట్లో శివకేశవులకు భేదం లేదని పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. మా అన్నయ్య ఒడుగునాడు తెల్లవారుజామునే లేచి గారెలకు పప్పు రుబ్బింది ఆవిడే. ముహూర్తం వేళకు ఎవరూ చెప్పకుండానే చేతులు కడుక్కుని పెరటి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆవిణ్ని ఆ గదిలో పెట్టడంలో హరికీ హరుడికీ నిజంగానే భేదం లేదు.

ఈ క్రూరత్వాన్ని తగ్గించింది దైవ చర్చలు కావు. బెంగాల్ సంస్కర్త విద్యాసాగరుడు వితంతు వివాహం కోసం పెట్టిన అర్జీ మీద వెయ్యి సంతకాలు కూడా పడలేదు. దానికి ఎదురుగా పెట్టిన అర్జీ మీద ముప్పై వేలకు పైగా పడ్డాయి. అయినా 1856లో చట్టం వచ్చింది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించి వెలిని ఎదుర్కొన్నాడు.

కాబట్టి ఈసారి ఏ స్వామీజీ అయినా తన దేవుడు గొప్పవాడన్నా, దేవుళ్లంతా ఒక్కటేనన్నా, మీరు వేదాంతంలోకి దిగకండి. మీ దారిలో భర్త పోయిన ఆడమనిషికి ఏ చోటిచ్చారు, తక్కువ కులమన్నవాడి చేతి అన్నం తిన్నారా అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేని దారి ఎవరిదైనా, దాని పేరు ఏదైనా, అది వదిలెయ్యాల్సిన దారి.