అక్క పుల్పిట్ ఎక్కితే ఐక్యత చెడుతుందా?



ఈ వారం వాక్యధ్యానానికి బదులు ఒక సంగతి రాస్తున్నాము. మా తప్పు కూడా అందులో ఉంది గనుక రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మన మండలంలో గుడ్ ఫ్రైడే నాడు సంఘాలన్నీ కలిసి సిలువ మీది ఏడు మాటలు ధ్యానించడం మీకు తెలుసు. బాప్టిస్టు, లూథరన్, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు అన్నీ వస్తాయి. ఒక్కో మాటకు ఒక్కో సేవకుడు. గడిచిన గుడ్ ఫ్రైడేకి పేర్లు రాసే పని మా చేతికొచ్చింది. పక్క మండలానికి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒక అక్క ఉన్నారు. సెమినరీలో చదివి, తన సంఘ పెద్దల చేత హస్తనిక్షేపణ పొందిన సేవకురాలు. ఆమెకు మూడో మాట ఇచ్చాము. ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించిన మాట అది. ఆమె చెబితే బాగుంటుందనుకున్నాము.

కరపత్రం ప్రెస్సుకి వెళ్లే ముందు రోజు ఇద్దరు సేవకులు ఫోన్ చేశారు. ఆమె పుల్పిట్ ఎక్కితే తాము రామన్నారు, తమ సంఘాల వాళ్లూ రారన్నారు. వాళ్లు కోపంగా ఏమీ అనలేదు. "మాకు ఆమె మీద ఏమీ లేదండి, ఐక్యత చెడిపోతుందని" అన్నారు. మేమూ ఆ మాట పట్టుకునే అక్కకు ఫోన్ చేశాము. ఈసారికి ప్రారంభ ప్రార్థన చేయమని అడిగాము. "సరే అయ్యగారూ" అని పెట్టేశారు.

ఆ రోజు ఆమె వచ్చారు. రెండు నిమిషాలు ప్రార్థన చేసి, ఆ ఎండలో మూడు గంటలు ఆడవాళ్లతో పాటు చాప మీద కూర్చున్నారు. ఆరాధన అయ్యాక మన సంఘంలోని ఒక ముసలమ్మ మా చెయ్యి పట్టుకుని, "ఆ అమ్మగారి సేత ఓ మాట సెప్పించనేదేటి బాబూ? సిలువకాడ ఆకరిదాకా నిలబడ్డోలు ఆడోలే గదేటి!" అంది. మాకు జవాబు దొరకలేదు. అప్పటినుంచి ఆ ఐక్యత అనే మాట గురించే ఆలోచిస్తున్నాము.

ఆ ఇద్దరు సహోదరులది ఉత్త భయమని కొట్టిపారేయలేము. స్త్రీల అభిషేకం విషయంలో లోకమంతటా సంఘాలకు నొప్పి కలిగింది. 1994లో ఇంగ్లండు సంఘం మొదటిసారి స్త్రీలకు గురుత్వం ఇచ్చినప్పుడు కొన్ని వందలమంది గురువులు ఆ సంఘాన్ని విడిచారు. అదే ఏడాది పోప్ రెండవ జాన్ పాల్, స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికి లేదని ప్రకటించారు. కాబట్టి ఆర్.సి.ఎం. వారితో మన ఐక్యత దారి పొడవైందన్నది నిజమే. కానీ మన తెలుగు నేల మీద ఏం జరిగిందో కూడా చూడాలి కదా.

నంద్యాల సంగతి చెబుతాము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి. ఆ రోజు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు చాలామట్టుకు అందులో చేరలేదు. బిషప్ చేతులుంచకుండా పాస్టర్లయిన వాళ్లను మన గురువులుగా ఎలా ఒప్పుకుంటాం అన్నదే ఈ ఏకీకరణ మీద ఆంగ్లికన్లలో చాలామందికి ఉన్న పెద్ద అభ్యంతరం. గమనించండి, అప్పుడు తగువు మగవాళ్ల అభిషేకం గురించే! దాదాపు ముప్ఫై ఏళ్లు బయటే ఉండి 1975లో సీఎస్ఐలో చేరారు. అదే నంద్యాలలో 2013 సెప్టెంబరు నెలాఖరున ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్‌గా అభిషేకం పొందారు. సీఎస్ఐకి ఆమే తొలి మహిళా బిషప్. ఎవరి చేతులు చెల్లుతాయి, ఎవరివి చెల్లవు అని ఒకప్పుడు ఐక్యతకు దూరంగా ఉండిపోయిన ఊరు అది. మా చిన్నప్పుడు ఎవరైనా ఇలా జరుగుతుందని చెబితే నవ్వేవాళ్లం.

ఇంకొకటి. కేరళ మార్తోమా సంఘం స్త్రీలను గురువులుగా అభిషేకించదు. సీఎస్ఐ 1970లలోనే ఆ తలుపు తెరిచింది. సీఎన్ఐలోనూ స్త్రీలు ప్రెస్బిటర్లుగా ఉన్నారు. అయినా ఈ మూడు సంఘాలు 1978లో ఉమ్మడి మండలి పెట్టుకున్నాయి. ఒకరి ప్రభువు బల్లలో ఒకరు పాలు పొందుతాయి. స్త్రీల విషయంలో మీరు మాలాగే మారాలి అని ఒకరు ఇంకొకరికి షరతు పెట్టలేదు. అంత పెద్ద సంఘాలు మోయగలిగిన భేదాన్ని మన మండలం ఒక్క మధ్యాహ్నం మోయలేకపోయింది.

మన బాప్టిస్టుల చరిత్ర చూస్తే మాకు మరీ సిగ్గేస్తుంది. కెనడా బాప్టిస్టు మిషను 1874లో కాకినాడలో మొదలై ఈ ఉత్తర తీరమంతా పాకింది. దానికి నాలుగేళ్ల ముందు, 1870లో, హన్నా మరియా నోరిస్ అనే పెళ్లికాని యువతి తనను మిషనరీగా పంపమని నోవా స్కోషియాలోని మిషను బోర్డును అడిగింది. డబ్బు లేదన్నారు. ఆమె ఊరూరా తిరిగి స్త్రీల మిషనరీ సంఘాలు పెట్టించింది. ఆ ఆడవాళ్లు కూడబెట్టిన చిల్లర డబ్బుతోనే ఆమె సముద్రం దాటింది. ఇవాళ మన స్త్రీల సమాజం పిడికెడు బియ్యం పోగు చేస్తున్నప్పుడల్లా మాకు అది గుర్తొస్తుంది. 1947లో, సీఎస్ఐ పుట్టిన ఏడాదే, ఒంటారియో క్యూబెక్ బాప్టిస్టులు మొదటిసారి ఒక స్త్రీకి అభిషేకం ఇచ్చారు. ఆమె పేరు మ్యూరియల్ స్పర్జన్ కార్డర్. ఆమె మిషనరీగా పనిచేసింది మన తెలుగువాళ్ల మధ్యనే.

ఇక బైబిలు స్త్రీల సంగతి. మగ పాస్టర్లను గడప దాటనివ్వని రోజుల్లో సంచిలో సువార్తలు పెట్టుకుని ఇళ్లలోకి వెళ్లి, అక్షరాలు నేర్పి, ప్రార్థన నేర్పి, పురిటి మంచాల దగ్గర కూర్చున్నది వాళ్లు. మన పాత కుటుంబాల్లో ఎవరిని అడిగినా మొదట నమ్మింది ఒక నాయనమ్మో అమ్మమ్మో అయి ఉంటుంది. వాళ్లకు చెప్పింది ఎవరు? ఆ పనిని అప్పుడు ఎవరూ అభిషేకం అనలేదు, జీతం కూడా అంతంత మాత్రమే.

లూథరన్ సహోదరులు 1990ల చివర్లో స్త్రీలకు అభిషేకం ఇచ్చారు. దానివల్ల వాళ్లతో మన సహవాసం ఒక్కరోజు కూడా ఆగలేదు. మన మండలంలో సంఘాలు చీలినవి మేము చూశాము. స్థలం కాగితాల మీద చీలాయి, కమిటీ ఎన్నికల మీద చీలాయి, కులం మీద చీలాయి (పైకి చెప్పరు గానీ), ఒక సంఘం విశ్వాసుల్ని ఇంకో సంఘం లాక్కున్నందుకు చీలాయి. ఒక అక్క వాక్యం చెప్పినందుకు చీలిన సంఘాన్ని మేము ఇంతవరకు చూడలేదు.

మొదటి తిమోతి రెండో అధ్యాయం, మొదటి కొరింథీ పద్నాలుగో అధ్యాయం ఉన్నాయి కదా అని మీలో కొందరు అడుగుతారు. ఉన్నాయి. మేమూ వాటిని దాటవేయము. అదే పౌలు గారు అదే కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయంలో స్త్రీలు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల సంగతి ఎలా ఉండాలో చెప్పారు. ప్రవచించవద్దని అక్కడ అనలేదు. రోమా పత్రిక చివర ఫీబేను సంఘ పరిచారకురాలని పేరు పెట్టి అప్పగించారు. పునరుత్థాన వార్తను మొదట మోసింది మగ్దలేనే మరియ. వీటిని కలిపి చదివితే అభిషేకం ఇవ్వవచ్చనే మాకు తోస్తుంది. ఆ ఇద్దరు సహోదరులు వేరుగా చదువుతారు. వాళ్ల సంఘంలో స్త్రీలకు అభిషేకం ఇవ్వమని మేము ఎన్నడూ అడగలేదు, అడగము కూడా. ఇంకో సంఘం ప్రార్థించి చేతులుంచిన సేవకురాలిని ఆ సంఘపు సేవకురాలిగా ఒప్పుకుని పక్కన కూర్చోమని మాత్రమే అడుగుతున్నాము.

ఐక్యత కోసం అని ఆ రోజు మేము అన్నప్పుడు, దానికి వెల కట్టింది ఆ అక్క ఒక్కరే. మాకేమీ ఖర్చు కాలేదు. ఆ ఇద్దరికీ కాలేదు. ఇది మాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది.

పోయిన నెల మా ఇంటి అమ్మగారితో కలిసి ఆమె దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాము. టీ ఇచ్చారు. "మర్చిపోయాను అయ్యగారూ" అన్నారు గానీ, మూడో మాట మీద తాను రాసుకున్న నోట్సు ఇంకా బైబిల్లోనే ఉందని చెప్పారు.

ఈసారి పేర్లు రాసే పని మళ్లీ మా దగ్గరకే వచ్చింది. మూడో మాట ఎదుట ఆమె పేరు రాశాము. కరపత్రం అచ్చు వేయించకముందే ఆ ఇద్దరు సహోదరులకు మేమే ఫోన్ చేసి చెప్పాము. ఒకరు చాలాసేపు ఊరుకుని, "వస్తాము, వెనక కూర్చుంటాము" అన్నారు. రెండోవారు ఇంకా ఫోన్ ఎత్తడం లేదు. ఈ శనివారం బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్తున్నాము. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.