అటకెక్కిన చదరంగపు బల్ల

మొన్నటి శ్రావణ శుక్రవారమున మా ముదినేపల్లిలో నొక పేరంటమునకు పోయితిమి. శనగలు, తాంబూలము పుచ్చుకొనుచుండగా ఆ యింటి యిల్లాలు తన కుమార్తెను గూర్చి, "చదరంగములో బహుమతులు తెచ్చినది. సంబంధములు చూచుచున్నాము గదా, ఆ బల్ల అటక మీద పెట్టించితిమి" అని చెప్పెను. అందరును తలలూపిరి, మేమును ఊపితిమి. ఆ బాలికకు బడిలో పాఠము చెప్పినది మా వారే. ఇల్లు చేరిన పిమ్మట మా తలయూపు మమ్మే బాధించెను. కావున ఈ నెల యీ ముచ్చట.

సోదరీమణులారా! మా యూరికి దాపుననున్న గుడివాడలో 1987 మార్చి 31న శ్రీమతి కోనేరు హంపి జన్మించెను. తండ్రి అశోక్ గారు అధ్యాపక వృత్తిని విడిచి బిడ్డకు తామే గురువైరి. 2002లో పదునైదేండ్ల ప్రాయమున ఆమె గ్రాండ్‌మాస్టరు బిరుదము నందెను. అంత చిన్న వయస్సున ఆ బిరుదము పొందిన స్త్రీ అప్పటికి లోకమున లేదు. 2007లో పద్మశ్రీ లభించెను. 2011లో ప్రపంచ కిరీటమునకై చైనా యువతి హౌ ఇఫాన్‌తో పోరాడి ఓడెను.

ఇది కన్యగా నున్ననాటి కథ. మనవారు సాధారణముగా పుస్తకము నిచ్చటనే మూయుదురు. ఆమెకు 2014లో దాసరి అన్వేష్ గారితో వివాహమయ్యెను. 2017లో ఆడుబిడ్డ కలిగెను. కొంతకాలము పోటీలకు దూరముగా నుండి, 2018లో జార్జియా దేశపు బటూమిలో జరిగిన ఒలింపియాడ్‌లో మరల బల్ల ముందు కూర్చుండెను. 2019లో మాస్కోలో ర్యాపిడ్ చదరంగమున ప్రపంచ విజేత యయ్యెను. ఆటకు పదునైదు నిమిషములు, ఎత్తుకు మరి పది క్షణములు మాత్రమే యిచ్చు పోటీ యది. 2024లో న్యూయార్కున తొలి యాటయే ఓడియు, పదునొకండు ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లతో ఆ కిరీటమును రెండవమారు గెలిచెను. 2025లో ప్రపంచ కప్పు తుదిపోరున పందొమ్మిదేండ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడెను గాని, తుదివరకు నిలిచినది ముప్పదియెనిమిదేండ్ల తల్లి యని మరువరాదు.

పెద్దల పోటీలలో కన్యకు చిక్కని ప్రపంచ కిరీటము తల్లికి రెండుమారులు చిక్కినది! ఇది యెట్లు సాధ్యమయ్యెను? తాను పరదేశములకు పోవునపుడు బిడ్డను తన తల్లిదండ్రులు చూచుకొందురనియు, భర్త తోడ్పడుననియు ఆమెయే చెప్పియున్నది. ఆడినది ఆమె, ఆడనిచ్చినది ఇల్లు.

మరునాడు మేమా తల్లి యొద్దకు పోయి యిదంతయు చెప్పితిమి. "పెండ్లివారు ఒప్పుకొనవలదా, వదినగారూ?" అని ఆమె నిట్టూర్చెను. ఆ మాట నిజమే. కావుననే మా మనవి: కట్నకానుకల మాట కంటె ముందుగా, "మా పిల్ల ఆట మానదు, మీకు సమ్మతమేనా?" అని పెండ్లిచూపులనాడే అడుగుడు. మగపిల్లల తల్లులు అడుగకమునుపే సమ్మతమని చెప్పుడు.

బల్ల యింకను అటక మీదనే యున్నది. పెండ్లివారు వచ్చు నాదివారము వత్తురట. మమ్మును రమ్మనిరి. ఈ మారు ఊరక తలయూపి రాము.