పదో తరగతి తర్వాత ఏందో చెప్పాల్సింది యూనివర్సిటీ కూడా



1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినంత కాలం బోధన్ చుట్టుపక్కల చదువు ఆగిపోయినా ఏదో ఒక పని దొరుకుతదన్న ధీమా ఉండె. అందులో పర్మనెంట్ కొలువులు మనోళ్లకు ఎన్ని దక్కినయో అది వేరే లెక్క. 2002ల ప్రైవేటుకు అప్పజెప్పిన్రు, 2015 డిసెంబర్ల మూత పడ్డది. చెరుకు పోయి వరి వచ్చింది. ఇప్పుడు మన తండా పిల్లలకు మిగిలింది చదువే.

మరి ఆ చదువుల ఏ దారిల పోవాల్నో చెప్పేదెవరు? ఇంట్ల అమ్మానాన్నలకు తెల్వదు. బడిల సార్లకు సిలబస్ అయిపోవుడే పెద్ద పని. ఇంటర్ల సీఈసీ తీసుకున్నంక బీఎస్సీ నర్సింగ్ చేస్తనంటే కుదరదు, దానికి బైపీసీ ఉండాలె. ఈ ఒక్క ముక్క పదో తరగతిల చెప్పేటోళ్లు లేక ఎంతమంది ఆడపిల్లలు ఆగిపోతున్నరో మీ తండాలనే లెక్కపెట్టి చూడున్రి. గోదావరి దాటితే బాసర ట్రిపుల్ ఐటీ. ఎంట్రెన్స్ లేదు, పదో తరగతి మార్కులే చూస్తరు, ఆరేళ్లల్ల బీటెక్ చేతికొస్తది. బోధన్ పక్కన రుద్రూర్‌ల ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉన్నది. చెరుకు, వరి నడుమ పెరిగిన పిల్లలకు అది పరాయి చదువు కాదు. 2022 నుంచి ఎస్టీ రిజర్వేషన్ 10 శాతం. కానీ కుల, ఆదాయ సర్టిఫికెట్లు టైముకు చేతిల లేకపోతే ఆ శాతం కాగితం మీదనే ఉంటది.

డిచ్‌పల్లిల తెలంగాణ యూనివర్సిటీ 2006 నుంచి ఉన్నది. ఒక ప్రొఫెసర్ ఏడాదికోసారి బడికొచ్చి, స్పీచ్ ఇచ్చి, శాలువా కప్పించుకొని పోతే దాన్ని కెరీర్ గైడెన్స్ అనరు. కొత్త పథకం కూడా అక్కర్లేదు. సారంగాపూర్‌ల యూనివర్సిటీకి బీఈడీ కాలేజీ ఉన్నది. రెండేళ్ల బీఈడీల 20 వారాలు బడులల్లనే ఇంటర్న్‌షిప్ చెయ్యాలె. ఆ పిల్లలకు ముందుగాల ఈ కోర్సుల సంగతి నేర్పించి, వారానికి ఒక్క పీరియడ్ దీనికే ఇస్తే సరిపోతది. ఎన్ఎస్ఎస్ వాలంటీర్లకు ఏడాదికి 120 గంటల సేవ లెక్క ఉన్నది. అందులో కొన్ని గంటలు మోపాల్, ఇందల్వాయి, సిరికొండ తండాల బడులకు పెట్టమనాలె. చెట్లు నాటుడు మంచిదే, కానీ ఒక పిల్లకు పాలిసెట్ ఫారం నింపిచ్చుడు కూడా సేవనే.

పంపేటోళ్లల్ల మన సీనియర్లు ఉండాలె. గోర్ బోలీల చెప్పే అక్కను పిల్లలు అడిగినట్టు కొత్త సారును అడగరు. వాళ్ల బస్ చార్జీ యూనివర్సిటీనే ఇయ్యాలె. మన పిల్లలు జేబుల పైసలు పెట్టుకొని ఎన్నిసార్లు పోతరు?

ఇప్పటికే డిచ్‌పల్లిల చదువుతున్నోళ్లు పది మంది సంతకాలతోని రిజిస్ట్రార్‌కు వినతిపత్రం ఇయ్యున్రి. అందులో బడుల పేర్లు, నెల రాయున్రి. దసరా అయినంక మొదలువెట్టి జనవరి లోపల అయిపోవాలె. మార్చిల పరీక్షలు. అవి రాసినంక పిల్లలు బడి మొకం చూడరు.