పెట్టె కొంటే కాపలా రాదు

2021 జూన్ 27న తెల్లవారకముందే జమ్ములోని వైమానిక దళ స్థావరం మీద నిమిషాల తేడాతో రెండు బాంబులు పడ్డాయి. మోసుకొచ్చినవి డ్రోన్లు. ఒక భవనం పైకప్పు దెబ్బతింది, ఇద్దరు సిబ్బందికి స్వల్ప గాయాలయ్యాయి. నష్టం చిన్నదే అయినా, యుద్ధ విమానాల కోసం పెట్టుకున్న రాడార్లకు ఇంత చిన్న వస్తువు ఇంత తక్కువ ఎత్తులో చిక్కదని దేశానికి తెలిసొచ్చింది. ఆ సెప్టెంబరులోనే హైదరాబాద్‌కు చెందిన జెన్ టెక్నాలజీస్‌కు వైమానిక దళం నుంచి రూ.155 కోట్ల డ్రోన్ నిరోధక వ్యవస్థల ఆర్డరు దక్కింది. 1993లో పుట్టి, సైనికుల శిక్షణకు సిమ్యులేటర్లు తయారుచేస్తూ ఎదిగిన కంపెనీ అది. ఇప్పుడు ఈ రంగంలో భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) ఉంది, అదానీ ఉంది, నాగ్‌పూర్ సోలార్ గ్రూపు ఉంది, ఇంకా పేరు బయటికి రాని చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. మన ఊళ్లలో ఇలాంటివి తయారవుతున్నాయని మురిసిపోవడంలో తప్పు లేదు. నా అభ్యంతరమల్లా ప్రభుత్వం వీటిని కొంటున్న తీరు మీదే. తుపాకులు కొన్నట్టే వీటినీ లెక్కపెట్టి, తనిఖీ చేసి, ఒక్కసారి డబ్బు కట్టి తెచ్చుకుంటే రెండేళ్లు తిరిగేసరికి పాత సామానుగా మిగులుతాయి. యంత్రంతో పాటు దాన్ని ఎప్పటికప్పుడు మార్చే పనిని కూడా కొనాలి.

ఎందుకో తెలియాలంటే ఆ పెట్టెలో ఏముందో చూడాలి. ఆకాశంలో ఏదో కదులుతోందని రాడార్ చెబుతుంది. డ్రోన్‌కూ దాన్ని నడిపేవాడికీ మధ్య నడిచే రేడియో సంకేతాలను మరో పరికరం పసిగడుతుంది. వచ్చింది గద్దా, పెళ్లివారి వీడియో డ్రోనా, బాంబు మోసే డ్రోనా అన్నది మామూలు కెమెరా, రాత్రిపూట వేడిని చూసే థర్మల్ కెమెరా తేలుస్తాయి. ఆ తర్వాతే జామర్ పనిచేసి సంకేతాలను తెంపుతుంది, లేదా తూటాయో లేజరో కూలుస్తుంది. వీటిలో ఇనుము, అద్దం, యాంటెన్నా ఎవరైనా బిగించవచ్చు. అసలు విలువ ఏ డ్రోన్ ఏ సంకేతంతో మాట్లాడుతుందో నమోదు చేసిన జాబితాలోనూ, వేల దృశ్యాలు చూపించి కెమెరాకు నేర్పిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. పైనుంచి ఫొటోలు తీసే డ్రోన్లు చేసే కంపెనీలే వాటిని అడ్డుకునే వ్యవస్థల్లోకీ దిగడం వింతేమీ కాదు. డ్రోన్ ఎలా దాక్కుంటుందో దాన్ని చేసినవాడికే బాగా తెలుసు. ఆ జాబితా పాతబడిన రోజున రాడార్ తిరుగుతూనే ఉంటుంది, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, కాపలా మాత్రం ఉండదు.

ఎంత త్వరగా పాతబడుతుందో ఉక్రెయిన్ యుద్ధం చూపించింది. మొదట్లో ఇరుపక్షాలూ బజారులో దొరికే డ్రోన్లే వాడాయి. అవి పనిచేసే 2.4, 5.8 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలను నొక్కేసే జామర్లు వచ్చాయి. డ్రోన్లు వేరే ఫ్రీక్వెన్సీలకు జారుకున్నాయి, జామర్లు వెంటపడ్డాయి. ఈ తరుముడు తగ్గకముందే, 2024లో కుర్స్క్ ప్రాంతంలో రష్యా ఫైబర్ కేబుల్‌తో నడిచే డ్రోన్లను పెద్దఎత్తున దింపింది. వెంట్రుకంత తీగ కిలోమీటర్ల పొడవునా విడుచుకుంటూ పోయే ఆ డ్రోన్ గాలిలోకి ఏ సంకేతమూ పంపదు. దాని ముందు ఎంత ఖరీదైన జామరైనా దండగే. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 డ్రోన్లను లారీల మీద చెక్క గదుల్లో దాచి రష్యా లోపలికి పంపి, వైమానిక స్థావరాల పక్క నుంచే ఎగరేసింది. సరిహద్దులో ఎన్ని రాడార్లుంటే ఏం లాభం? కొత్త ఎత్తు వేయడానికి అవతలివాడికి నెలలు చాలుతున్నాయి. మన దగ్గర ఒక టెండరు పుట్టి, పరీక్షలు దాటి, చేతికి సరుకు రావడానికి ఏళ్లు పడుతోంది.

మనకు ఇది దూరపు యుద్ధం కూడా కాదు. ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు దాదాపు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యమే ప్రకటించింది. మన గగనతల రక్షణను పరీక్షించడం, సమాచారం సేకరించడం వాటి ఉద్దేశమని కూడా చెప్పింది. చాలావాటిని కూల్చాం, సంతోషం. అయితే కూలిన డ్రోన్ కూడా ఏ రాడార్ ఎప్పుడు మేల్కొంది, ఏ జామర్ ఎంత దూరంలో పట్టుకుందన్న కబురు తన యజమానికి పంపి ఉండవచ్చు. మనం గెలిచామనుకున్న రాత్రే అవతలివాడికి పాఠం చెప్పిన రాత్రి కూడా. ఆ జూన్‌లో రక్షణ శాఖ అత్యవసర కొనుగోళ్ల కింద రూ.1,981.90 కోట్ల విలువైన 13 ఒప్పందాలు చేసుకుంది. డ్రోన్లను గుర్తించి అడ్డుకునే వ్యవస్థలు వాటిలో ఉన్నాయి. ఆ వేగం మెచ్చదగ్గదే. కానీ వేగంగా కొన్నది వేగంగా మారకపోతే ఆ తొందరకు అర్థం లేదు.

జామర్ల గొడవ ఎందుకు, లేజర్ వస్తే అన్నీ తీరిపోతాయి కదా అనేవారున్నారు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో వాహనంపై అమర్చిన లేజర్ డ్రోన్లను కూల్చింది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లోని చెస్ ప్రయోగశాల. గొప్ప ముందడుగే. అయినా లేజర్‌కు మబ్బు, దుమ్ము, పొగమంచు అడ్డు. పంజాబ్ సరిహద్దులో జనవరి పొగమంచు సంగతి అక్కడ పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. పైగా లేజర్ కాల్చాలన్నా ముందు గుర్తుపట్టాలి కదా. గుర్తుపట్టడం మళ్లీ ఆ జాబితా, ఆ సాఫ్ట్‌వేర్ పనే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. ఏటా మార్పులకు డబ్బు కడతామంటే దేశ భద్రతను ఒక ప్రైవేటు కంపెనీ గుప్పిట్లో పెట్టినట్టే, అది అడిగినంత ఇవ్వాల్సిందే అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ఒకసారి వ్యవస్థ బిగిశాక మరొకరి చేత బాగుచేయించలేని పరిస్థితి వస్తే బేరమాడే బలం కొనుగోలుదారుకు ఉండదు. దీనికి మందు ఒప్పందంలోనే ఉంది: సాఫ్ట్‌వేర్ మూలం, డిజైన్ హక్కులు, సంకేతాల జాబితా సైన్యం చేతిలో ఉండాలి. ఈ కంపెనీ కాదంటే ఆ కంపెనీ వచ్చి మార్చగలగాలి. స్వదేశీ అన్న ముద్రతో తృప్తిపడితే ఈ హామీ దొరకదు. 2020 రక్షణ కొనుగోలు విధానం ప్రకారం దేశంలోనే డిజైన్ చేసి తయారుచేసిన కోవలో కనీసం 50 శాతం స్వదేశీ విలువ ఉండాలి. శాతం లెక్క డబ్బుల్లో తేలుతుంది. డ్రోన్‌నే తీసుకుంటే, పైకవచం, బ్యాటరీ, వైర్లు ఇక్కడివైతే శాతం నిండిపోవచ్చు, ఎగరడాన్ని శాసించే చిప్పు మాత్రం మరో దేశానిదై ఉండవచ్చు. చైనా భాగాలున్నాయన్న కారణంతో 2025 ఫిబ్రవరిలో సుమారు రూ.230 కోట్ల విలువైన 400 సరుకు రవాణా డ్రోన్ల ఒప్పందాలను సైన్యం రద్దు చేసుకున్న సంగతి మరవకూడదు. విదేశాల్లో పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022లోనే నిషేధించాం, విడిభాగాలకు మాత్రం దారి తెరిచే ఉంచాం. చిన్న కంపెనీలు బతకడానికి అప్పట్లో అది అవసరమే. ఇప్పుడు ఏ భాగానికి మినహాయింపు, ఎప్పటివరకు అన్నది చెప్పాల్సిన సమయం వచ్చింది.

మరి మార్పులు చేసే కంపెనీ వాటిని ఎక్కడ పరీక్షించుకోవాలి? జామర్ కొనాలన్నా వాడాలన్నా మన దేశంలో కేబినెట్ సచివాలయం అనుమతి కావాలి. పట్నాల్లో ఫోన్లు, విమానాల సంకేతాలు చెడకుండా ఉండాలంటే అది సబబైన నిబంధనే. అయితే ఆ నిబంధన నడుమ, కొత్త డ్రోన్ కనబడ్డ వారానికే దానికి విరుగుడు వేసి చూసుకోవడం చిన్న సంస్థకు సాధ్యమయ్యే పని కాదు. రక్షణ పరీక్షా కేంద్రాల కోసం 2020లో కేంద్రం రూ.400 కోట్ల పథకం తెచ్చింది, తమిళనాడులో మానవరహిత విమానాలకు ఒకటి తలపెట్టింది. కర్నూలు కేంద్రం ఇప్పటికే నడుస్తోంది. నెలలో కొన్ని రోజులు అక్కడ జామర్లు మోగించుకోవడానికి, సైన్యం పట్టుకున్న శత్రు డ్రోన్ల మీద ప్రయోగాలు చేసుకోవడానికి అర్హత ఉన్న కంపెనీలన్నింటికీ అవకాశమిచ్చి, అక్కడ వచ్చిన ఫలితాన్ని బట్టి ఏటా మార్పుల డబ్బు చెల్లిస్తే సరిపోతుంది. దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, రక్షణ శాఖ వచ్చే టెండరులో రెండు పేజీలు చేర్చుకుంటే చాలు.